పెట్టెలు నాలుగు, తాళాలు నలుగురి దగ్గర: 2022లో రిపబ్లికన్లకు సెనేట్ ఎందుకు దక్కలేదు

2022 ఆగస్టు మధ్యలో ఆరిజోనా, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ రాష్ట్రాల టీవీ స్టేషన్లకు ఒక కబురు అందింది. ముందే బుక్ చేసి పెట్టిన ఎన్నికల ప్రకటనల స్లాట్లు రద్దు చేయమని. మొత్తం విలువ సుమారు కోటి డాలర్లు. రద్దు చేసింది ప్రత్యర్థులు కాదు, నేషనల్ రిపబ్లికన్ సెనెటోరియల్ కమిటీ. సెనేట్‌కు పోటీ చేసే తమ పార్టీవాళ్లను గెలిపించడమే ఆ కమిటీ పని, ఉన్నదే అందుకు. పోలింగ్‌కు ఇంకా పన్నెండు వారాలుంది. ఆరిజోనా, పెన్సిల్వేనియా అభ్యర్థులు పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఎన్నికల్లో సొంత పార్టీవాళ్లతోనే నెలల తరబడి కొట్లాడి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, పార్టీ ఆదుకుంటుందని ఎదురు చూస్తున్న సమయం అది.

రేట్లు కలిసొచ్చేలా అవే స్లాట్లను వేరే పద్ధతిలో మళ్లీ బుక్ చేస్తామని కమిటీ చెప్పుకుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అసలు సంగతి నెలాఖరు లెక్కలు చూస్తే తెలిసిపోతుంది. జులై చివరికి ఆ కమిటీ వసూలు చేసింది 18 కోట్ల 15 లక్షల డాలర్లు. అంతకు ముందెన్నడూ లేనంత. చేతిలో మిగిలింది 2 కోట్ల 32 లక్షలు. అసలు ఎన్నిక మొదలు కాకముందే వసూలైన దాంట్లో చాలా భాగం ఖర్చయిపోయింది.

ఇక్కడ ఒక చిన్న వివరణ. 2022లో జరిగినవి మధ్యంతర ఎన్నికలు. మనకు మధ్యంతర ఎన్నికలంటే సభ గడువు తీరకముందే రద్దయి వచ్చే ఎన్నికలు. అమెరికాలో అలా కాదు. అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం సగంలో, కచ్చితంగా నవంబరులో, తేదీ ముందే తెలిసి జరిగే ఎన్నికలివి. ప్రతినిధుల సభలో 435 స్థానాలకూ, సెనేట్‌లో సుమారు మూడో వంతు స్థానాలకూ పోటీ ఉంటుంది. అధ్యక్షుడి పార్టీకి ఇవి దాదాపు ఎప్పుడూ కలిసి రావు. 2022లో గాలి ఇంకా గట్టిగా రిపబ్లికన్ల వైపే వీచింది. జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అంత ఎక్కువ లేదు. డెమొక్రాట్ అధ్యక్షుడు బైడెన్‌కు మద్దతు 40 శాతం దగ్గర కొట్టుమిట్టాడుతోంది. సెనేట్ 50-50గా చీలి ఉంది. రిపబ్లికన్లకు కావలసింది అదనంగా ఒక్కటంటే ఒక్క సీటు. ఫలితాలొచ్చేసరికి ఉన్నదాంట్లోనే ఒకటి పోయి 49కి దిగారు.

ఈ ఓటమికి కారణాలు చాలా చెప్పారు. అబార్షన్ హక్కుపై 2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు డెమొక్రాట్లను కదిలించడం వాటిలో పెద్దది, దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ డబ్బు విషయంలో ఎక్కువగా వినిపించిన మాట, 'రిపబ్లికన్ల దగ్గర నిధులు లేకపోయాయి' అన్నది, సరైనది కాదు. నిధులున్నాయి. అవి నాలుగు పెట్టెల్లో ఉన్నాయి. ఆ పెట్టెల తాళాలు ఒకరంటే ఒకరికి పడని నలుగురి దగ్గర ఉన్నాయి. ఆ పార్టీ కష్టమంతా ఇదే.

మొదటి పెట్టె పైన చెప్పిన సెనేట్ కమిటీది. దాని ఛైర్మన్ ఫ్లోరిడా సెనెటర్ రిక్ స్కాట్. రెండోది సెనేట్ లీడర్‌షిప్ ఫండ్ అనే సూపర్ ప్యాక్. చట్టం ప్రకారం పార్టీతో సంబంధం లేని సంస్థ, కానీ అది ఎవరి మనుషులదో అందరికీ తెలుసు: సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ మనుషులది. మూడోది అప్పటికి మాజీ అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ నడిపిన సేవ్ అమెరికా అనే నిధి. 2022 వేసవి చివరికి అందులో 9 కోట్ల డాలర్లకు పైగా నిల్వ ఉంది. నాలుగోది ఒక వ్యక్తి జేబు: సిలికాన్ వ్యాలీ పెట్టుబడిదారు పీటర్ థీల్‌ది. ఒహాయోలో జె.డి. వాన్స్, ఆరిజోనాలో బ్లేక్ మాస్టర్స్ ప్రైమరీ గెలవడానికి వారి తరఫు సూపర్ ప్యాక్‌లకు చెరో కోటిన్నర డాలర్ల దాకా ఇచ్చింది ఆయనే.

ఒకే పార్టీ గెలుపు కోసం ఇన్ని పెట్టెలెందుకు? దీనికి చట్టంలో ఒక కథ ఉంది. 2002లో వచ్చిన చట్టం పార్టీలకు అపరిమితంగా వచ్చే పెద్ద విరాళాలకు అడ్డుకట్ట వేసింది. 2010లో కోర్టు తీర్పులు పార్టీ బయటి సంస్థలకు మాత్రం ఆ తలుపు బార్లా తెరిచాయి. దాంతో 2021-22లో ఒక వ్యక్తి అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 2,900 డాలర్లకు మించి ఇవ్వకూడదు, జాతీయ పార్టీ కమిటీ మామూలు ఖాతాకు ఏడాదికి 36,500 మించకూడదు, సూపర్ ప్యాక్‌కైతే ఎన్ని కోట్లయినా రాసివ్వొచ్చు. డబ్బు కూడా నీళ్లలాగే పల్లానికి పోతుంది. పెద్ద చేపలన్నీ సూపర్ ప్యాక్‌ల దగ్గరికి చేరాయి. పార్టీ కమిటీకి మిగిలింది పదీ పాతికా పంపే మామూలు జనం.

స్కాట్ నమ్ముకున్నది ఆ జనాన్నే. ఆ ఆలోచన తప్పేమీ కాదు, ఎప్పటికైనా పార్టీకి నిలబడే ఆదాయం అదే. సొంత వ్యాపారంలో కోట్లు గడించిన మనిషి కాబట్టి వ్యాపారిలాగే ఆలోచించాడు: ముందు పెట్టుబడి పెట్టి ఫోన్ నంబర్లు, ఈమెయిల్ చిరునామాలు సంపాదిద్దాం, ఆ జాబితాల నుంచి ఎన్నికల వేళకు డబ్బు వరదలా వస్తుంది. 2021లో వచ్చింది కూడా. 2022 వసంతానికి ఆ ఊట తగ్గింది. పెట్రోలు, సరుకుల ధరలు మండిపోతుంటే రిటైరైనవాళ్లు పార్టీకి పాతిక డాలర్లు పంపడానికి వెనకాడారు. ఐఫోన్లలో గోప్యత నిబంధనలు మారి, ప్రకటనలతో కొత్త దాతలను వెతకడం ఖరీదైంది. రిపబ్లికన్ల ఆన్‌లైన్ విరాళాల వేదిక విన్‌రెడ్‌లో ఏప్రిల్-జూన్ వసూళ్లు అంతకు ముందు మూడు నెలలకంటే పదో వంతుకు పైగా పడిపోయాయి. డెమొక్రాట్ల వేదిక యాక్ట్‌బ్లూ 2004 నుంచి నడుస్తోంది, విన్‌రెడ్ 2019లో పుట్టింది. పదిహేనేళ్ల ఆ తేడా ఒక్క ఎన్నికలో పూడేది కాదు.

జనం విసిగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ఒక పెద్దాయన ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: 'బైడెన్ రాజీనామా చేయాలా?' అని ప్రశ్న. ఎవరు పంపారో మొదట కనిపించదు. చేయాలనుకుంటే 'యస్' అని కొట్టమంటుంది, ఆ 'యస్'తోనే విరాళం కూడా. కార్డు వివరాలు ముందే విన్‌రెడ్‌లో ఉంటే పాతిక డాలర్లు అక్కడికక్కడే కట్. డబ్బు ఎవరికి పోయిందో తర్వాతెప్పుడో తెలుస్తుంది. స్కాట్ కమిటీ ఇలాంటి మెసేజ్‌లు పంపింది, డబ్బు తిరిగి ఇమ్మని అడిగినవాళ్లకు ఇవ్వాల్సీ వచ్చింది. అంతకు ముందు 2020లో ట్రంప్ ప్రచార బృందం విరాళాల పేజీలో 'ప్రతి వారం ఇంతే ఇస్తాను' అన్న గడిని ముందే టిక్ చేసి పెట్టి, చివరికి 12 కోట్ల డాలర్లకు పైగా వాపసు ఇచ్చుకుంది. చట్టం మాటెలా ఉన్నా, నమ్మి ఇచ్చినవాడిని ఇలా చేయడం అన్యాయం. పైగా వాడు మళ్లీ ఇవ్వడు. 2022లో రిపబ్లికన్ అభ్యర్థులు తలుపు తట్టేసరికి ఆ ఇళ్లలో చాలామంది అప్పటికే చేతులు కాల్చుకుని ఉన్నారు.

ఇక ఇంటిపోరు సంగతి.

బీ ఫారం లేని పార్టీ

మన దగ్గర అభ్యర్థి ఎవరో తేల్చేది పార్టీ. అధిష్ఠానం బీ ఫారం ఇస్తేనే గుర్తు దక్కుతుంది, టికెట్ రానివాడు రెబల్‌గా నిలబడితే స్వతంత్రుడి గుర్తే గతి. అమెరికాలో బీ ఫారం లేదు. ప్రైమరీలో ఓటర్లు ఎవరిని గెలిపిస్తే వారే పార్టీ అభ్యర్థి, పార్టీ పెద్దలకు ఇష్టమున్నా లేకపోయినా. అభ్యర్థి ఎంపిక మీద నాయకత్వానికి పట్టు ఉండాలంటే రెండే దారులు. ఒకటి ప్రైమరీలోనే ఒకరి వైపు నిలబడి డబ్బు పెట్టడం. రెండోది మంచి అభ్యర్థిని ముందే బతిమాలి దించడం.

రెండో దారిలో మెకానెల్‌కు ముందే ఎదురుదెబ్బ తగిలింది. న్యూ హాంప్‌షైర్ గవర్నర్ క్రిస్ సునూనూ 2021 నవంబరులోనే పోటీ చేయనన్నాడు. ఆరిజోనా గవర్నర్ డగ్ డ్యూసీ 2022 మార్చిలో కాదన్నాడు. మొదటి దారి గురించి స్కాట్ ఒక నియమం పెట్టుకున్నాడు: ప్రైమరీల్లో కమిటీ వేలు పెట్టదు, ఎవరు గెలిచినా వారి వెంటే ఉంటుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కమిటీ ఖాళీ చేసిన చోటులోకి ట్రంప్ వచ్చి కూర్చున్నాడు. జార్జియాలో ఫుట్‌బాల్ తార హెర్షెల్ వాకర్, పెన్సిల్వేనియాలో టీవీ డాక్టర్ మెహ్మెత్ ఓజ్, ఆరిజోనాలో మాస్టర్స్, ఒహాయోలో వాన్స్. ఎవరికీ అంతకుముందు ఏ ఎన్నికల్లోనూ నిలిచిన అనుభవం లేదు. సొంతంగా విరాళాలు సేకరించే జాబితా కూడా లేదు. 2022 రెండో త్రైమాసికంలో ఆరిజోనాలో డెమొక్రాట్ మార్క్ కెల్లీ కోటీ 36 లక్షల డాలర్లు వసూలు చేస్తే మాస్టర్స్‌కు పది లక్షలు కూడా రాలేదు. ఒహాయోలో టిమ్ రయాన్‌కు 91 లక్షలు, వాన్స్‌కు సుమారు 23 లక్షలు.

ఈలోపు స్కాట్, మెకానెల్ మధ్య బహిరంగంగానే చెడింది. ఓటరుకు ఏం చెప్పాలన్న దగ్గర మొదలైందీ తగవు. పార్టీ ఎజెండా ఏమిటని 2022 జనవరిలో విలేఖరులు అడిగితే, సభ మళ్లీ మా చేతికొచ్చాక చెబుతానన్నాడు మెకానెల్. బైడెన్ మీద కోపంతోనే ఎన్నిక నడవాలి, మన మీదకు ఏ చర్చా రాకూడదన్నది ఆయన లెక్క. ఫిబ్రవరిలో స్కాట్ తనంతట తాను పదకొండు అంశాల ప్రణాళిక విడుదల చేశాడు. అందులో రెండు మాటలు కొంప ముంచాయి. ప్రతి అమెరికన్ ఎంతో కొంత ఆదాయపు పన్ను కట్టాలి అన్నది ఒకటి. ప్రతి ఫెడరల్ చట్టం ఐదేళ్లకు తనంతట రద్దయిపోవాలి, కావాలంటే కాంగ్రెస్ మళ్లీ ఆమోదించుకోవాలి అన్నది రెండోది. వృద్ధుల పెన్షన్ అయిన సోషల్ సెక్యూరిటీ, వారి వైద్యం చూసే మెడికేర్, రెండూ ఫెడరల్ చట్టాలే. మార్చి 1న మెకానెల్ విలేఖరుల ముందే దాన్ని తోసిపుచ్చాడు: సగం మంది అమెరికన్ల మీద పన్ను వేసే, ఐదేళ్లలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లను ముగించే బిల్లు మా ఎజెండాలో ఉండదు అని. తరవాత ఆ కాగితాన్ని బైడెన్ ఎన్ని సభల్లో ఎత్తి చూపించాడో లెక్కలేదు. ప్రత్యర్థి చేతికి కర్ర ఇచ్చి కొట్టమనడం అంటే ఇదే. పార్టీ ఎన్నికల నిధికి బాధ్యుడైన వ్యక్తి చేతుల మీదుగా అది జరగడం మరీ విచారకరం.

ఆగస్టు 18న కెంటకీలో వ్యాపారుల భోజన సమావేశంలో మెకానెల్ మరో మాట అన్నాడు. ప్రతినిధుల సభ చేతులు మారే అవకాశమే ఎక్కువ, సెనేట్ అలా కాదు, అక్కడ ఫలితంలో అభ్యర్థి నాణ్యతకు చాలా పాత్ర ఉంటుందని. పేర్లు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. సెప్టెంబరు 1న స్కాట్ ఒక పత్రికా వ్యాసంలో ఎదురు కొట్టాడు: సొంత అభ్యర్థులను కించపరచడం ద్రోహమని. ఇక ట్రంప్ సరే సరి, 2021 నుంచీ మెకానెల్‌ను తిట్టని వారం లేదు. సెప్టెంబరు చివరికి మెకానెల్ భార్య, తన సొంత ప్రభుత్వంలోనే మంత్రిగా పనిచేసిన ఇలైన్ చావ్ జాతిని ఎగతాళి చేసేదాకా వెళ్లాడు. ఇవన్నీ చదువుతున్న దాత ఏమనుకుంటాడు? ఓడిపోతామని నాయకుడే అంటుంటే ఆ అభ్యర్థికి చెక్కు రాయడానికి చేయి రాదు. ఇచ్చినా, ఎవరి పెట్టెలో వేయాలో తెలియదు.

ఆరిజోనాలో ఇది బేరసారాల స్థాయికి దిగింది. మాస్టర్స్ ప్రైమరీలో మెకానెల్‌ను దింపేయాలని మాట్లాడిన మనిషి. గెలిచాక మాత్రం మెకానెల్ పెట్టె తెరుచుకోవాలి. ప్రైమరీ గెలిపించింది మీరే కదా, ఇప్పుడూ మీరే పెట్టండి అన్నది మెకానెల్ పక్షం మాట థీల్‌తో. నా వంతు నేను పెట్టాను, ఇక మీదే అన్నట్టు థీల్ మౌనం. వారాలు గడిచాయి. ఆగస్టు చివర్లో సెనేట్ లీడర్‌షిప్ ఫండ్ ఆరిజోనాలో సుమారు 80 లక్షల డాలర్ల ప్రకటనలు రద్దు చేసింది. సెప్టెంబరులో మిగిలిన 96 లక్షలూ వెనక్కి తీసుకుంది. వేరే సంఘాలు కొంత భర్తీ చేశాయి గానీ, అప్పటికే కెల్లీ ప్రకటనలు సరైన జవాబు లేకుండా టీవీల్లో ఆడుతున్నాయి. మాస్టర్స్ సుమారు ఐదు శాతం తేడాతో ఓడిపోయాడు.

అలాస్కాలో జరిగింది ఇంకా విడ్డూరం. అక్కడ డెమొక్రాట్‌కు గెలిచే అవకాశమే లేదు. అక్కడి ఎన్నికల పద్ధతిలో ఒకే పార్టీవాళ్లు ఇద్దరు చివరి పోటీలో ఉండొచ్చు, పోటీ ఇద్దరు రిపబ్లికన్ల మధ్య. 2021 అభిశంసన విచారణలో ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసిన సెనెటర్ లీసా మర్కౌస్కీ ఒకరు, ఆమెను ఓడించడానికి ట్రంప్ బలపరిచిన కెల్లీ షిబాకా మరొకరు. ఎవరు గెలిచినా సీటు పార్టీదే. అయినా మెకానెల్ పెట్టెలోంచి లక్షల డాలర్లు మర్కౌస్కీ కోసం, అంటే ఇంకో రిపబ్లికన్ మీద ఖర్చయ్యాయి. సాటి సెనెటర్‌ను కాపాడుకోవడం నాయకుడి ధర్మమే అనవచ్చు. కానీ అక్టోబరులో అలాస్కా రిపబ్లికన్ పార్టీ ఏకంగా మెకానెల్‌ను అభిశంసిస్తూ తీర్మానం చేసింది.

రూపాయి ఒకటే, విలువ వేరు

నలుగురి దగ్గర ఉన్నా డబ్బు డబ్బే కదా, చివరికి ఖర్చయింది కదా అనిపించవచ్చు. మెకానెల్ ఫండ్ ఒక్కటే ఆ ఎన్నికల్లో 23 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. అయితే అమెరికా ఎన్నికల్లో ఎవరి చేత్తో ఖర్చయితే ఆ డాలరుకు ఆ విలువ.

చట్టం ప్రకారం సాధారణ ఎన్నికకు ముందు 60 రోజులు, ప్రైమరీకి ముందు 45 రోజులు టీవీ స్టేషన్లు అభ్యర్థికి తమ అతి తక్కువ రేటుకే ప్రకటన స్లాట్ అమ్మాలి. ఈ రాయితీ అభ్యర్థికే, సూపర్ ప్యాక్‌కు లేదు. ఎన్నికల వేళ గిరాకీని బట్టి స్టేషన్ ఎంత చెబితే అంతా కట్టాల్సిందే. సాయంత్రం వార్తల మధ్య ముప్పై సెకన్ల స్లాట్ అభ్యర్థికి వెయ్యి డాలర్లకు దొరికిందనుకుందాం. అదే స్లాట్‌కు సూపర్ ప్యాక్ దగ్గర రెండు వేలు, మూడు వేలు, గిరాకీ ముదిరితే ఇంకా ఎక్కువ అడుగుతారు. డెమొక్రాట్లకు డబ్బులో చాలా భాగం యాక్ట్‌బ్లూ ద్వారా నేరుగా అభ్యర్థి ఖాతాలో పడింది, అంటే ఆ డాలర్లు చవక రేటుకు ఖర్చయ్యాయి. రిపబ్లికన్ల డబ్బులో సింహభాగం సూపర్ ప్యాక్‌ల చేతిలో ఉండి ఖరీదైన రేటుకు కరిగిపోయింది. పైపైన ఖర్చు లెక్కలు ఇద్దరివీ సమానంగా కనిపించిన చోట కూడా, టీవీ చూసేవాడి కంటికి డెమొక్రాట్ రెండుసార్లు, రిపబ్లికన్ ఒకసారి కనిపించి ఉంటారు. పార్టీ కమిటీ ఎందుకు ముఖ్యమంటే, అభ్యర్థితో కలిసి ప్రకటన వేస్తే ఆ చవక రేటు దానికీ కొంతవరకు అందుతుంది. కానీ ఆ కమిటీ దగ్గరే ఆగస్టుకు సరిపడా సొమ్ము లేదు.

ఒహాయో ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తెలిసిన పేరు కూడా ఉంది, వాన్స్ భార్య ఉష చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌వి. ఒహాయోలో ట్రంప్ 2016, 2020 రెండుసార్లూ ఎనిమిది శాతం ఆధిక్యంతో నెగ్గాడు, కాబట్టి మామూలుగా అయితే పార్టీ నిశ్చింతగా ఉండాల్సిన చోటు. వాన్స్ చేతిలో డబ్బు లేకపోవడంతో ఆగస్టులో మెకానెల్ ఫండ్ 2 కోట్ల 80 లక్షల డాలర్ల ప్రకటనలు అక్కడ బుక్ చేయాల్సి వచ్చింది. వాన్స్ సుమారు ఆరు శాతం తేడాతో గెలిచాడు. అదే రోజు, అదే బ్యాలెట్ మీద రిపబ్లికన్ గవర్నర్ మైక్ డివైన్ సుమారు పాతిక శాతం తేడాతో గెలిచాడు. గెలవాల్సిన రాష్ట్రంలో అంత సొమ్ము పోస్తే, అటూ ఇటూగా ఉన్న రాష్ట్రాలకు కోత పడక తప్పలేదు.

నెవాడాలో ఆడం లాక్సాల్ట్ ఓడింది 8,000 ఓట్ల లోపు తేడాతో. ఇంకో కోటి డాలర్లుంటే ఆయన గెలిచేవాడని ఖాయంగా చెప్పలేం. ఆయన మీద పార్టీలో తగవు కూడా లేదు, ట్రంప్, మెకానెల్ ఇద్దరూ ఆయన వైపే ఉన్నారు. కానీ 8,000 ఓట్ల దగ్గర తేలే ఎన్నికలో ఒహాయో, అలాస్కాలకు పోయిన డబ్బు గుర్తు రాకుండా ఉండదు.

ట్రంప్ పెట్టె విషయం వేరుగా చెప్పుకోవాలి. అభ్యర్థులను ఎంపిక చేసింది ఎక్కువగా ఆయనే, ఎన్నికల నిధులు ఎక్కువగా బిగబట్టిందీ ఆయనే. సెప్టెంబరు చివర్లో కొత్త సూపర్ ప్యాక్ పెట్టి చివరి వారాల్లో సుమారు కోటిన్నర డాలర్లు ఖర్చు చేశారు. 9 కోట్లకు పైగా చేతిలో ఉండగా. డిసెంబరు 6న జార్జియాలో రనాఫ్, అంటే ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మళ్లీ పెట్టే పోటీ, జరిగింది. వాకర్‌కు సాయం చేయండంటూ ట్రంప్ బృందం ఈమెయిళ్లు పంపింది. చిన్న అక్షరాల్లో ఉన్నది చదివితే తెలిసేది: ఇచ్చిన దాంట్లో 90 శాతం ట్రంప్‌కు, 10 శాతం వాకర్‌కు. ఇలాంటివి ఆపమని, ఇవి జార్జియాకు రావాల్సిన డబ్బును పక్కకు లాగేస్తున్నాయని వాకర్ ప్రచార మేనేజరు బహిరంగంగానే మొత్తుకోవాల్సి వచ్చింది. తమ రాష్ట్రానికి చేరుతుందనుకుని యాభై డాలర్లు పంపిన మనిషి డబ్బులో అక్కడికి చేరింది ఐదు డాలర్లు. అదే జార్జియాలో, నవంబరు 8న, ట్రంప్‌కు ఎదురు నిలిచిన రిపబ్లికన్ గవర్నర్ బ్రయాన్ కెంప్ ఏడు శాతానికి పైగా ఆధిక్యంతో గెలిచాడు. వాకర్ ఓడాడు.

అభ్యర్థులా, ఖర్చా అన్న వాదన ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. నవంబరు 15న సెనేట్ రిపబ్లికన్ల సమావేశంలో కమిటీ లెక్కలను ఆడిట్ చేయాలన్న డిమాండ్ వచ్చింది. మర్నాడు స్కాట్ నాయకత్వానికి మెకానెల్ మీదే పోటీ చేసి 37-10 తేడాతో ఓడిపోయాడు. తరవాతి ఛైర్మన్ మోంటానా సెనెటర్ స్టీవ్ డెయిన్స్ స్కాట్ నియమాన్ని పక్కన పెట్టాడు. 2024లో కమిటీ ప్రైమరీల్లో ముందే జోక్యం చేసుకుంది, తన ఎంపికలకు ట్రంప్ ఆమోదం ముందే తెచ్చుకుంది. పెన్సిల్వేనియాలో డేవ్ మెకార్మిక్, మోంటానాలో టిమ్ షీహీ అలా వచ్చినవాళ్లే. ఇద్దరూ గెలిచారు, పార్టీ 53కి చేరింది. ఆ ఏడాది రాష్ట్రాల పటం రిపబ్లికన్లకు అనుకూలం కాబట్టి అంతా డెయిన్స్ ఘనతే అనలేం. కానీ తాళాలు కనీసం ఒకచోటికి చేరాయి.

ఇది రిపబ్లికన్ల జబ్బు మాత్రమే కాదు. 2025లో అదే కష్టం డెమొక్రాట్లకు వచ్చింది, రూపం మారి. ఫిబ్రవరిలో కెన్ మార్టిన్ జాతీయ కమిటీ ఛైర్మన్ అయ్యాడు. కమలా హ్యారిస్ ప్రచారం మిగిల్చిన బకాయిలు కమిటీ మీద పడ్డాయి. కొత్తగా ఎన్నికైన ఉపాధ్యక్షుల్లో ఒకడైన యువ నాయకుడు డేవిడ్ హాగ్, పాతుకుపోయిన సొంత పార్టీ సభ్యులను ప్రైమరీల్లో ఓడించడానికి తన సంస్థ 2 కోట్ల డాలర్లు పెడుతుందన్నాడు. పార్టీ పదవిలో ఉండి పార్టీవాళ్ల మీద పోటీ ఏమిటన్న గొడవ నెలల తరబడి నడిచి, జూన్‌లో అతను ఆ పదవి నుంచి తప్పుకోవడంతో ముగిసింది. అదే నెలలో పెద్ద కార్మిక సంఘాల నేతలు రాండీ వైన్‌గార్టెన్, లీ సాండర్స్ కమిటీ నుంచి బయటికి నడిచారు. జూన్ చివరికి కమిటీ దగ్గర సుమారు కోటిన్నర డాలర్లు, రిపబ్లికన్ జాతీయ కమిటీ దగ్గర సుమారు 8 కోట్లు. అక్టోబరులో కోటిన్నర డాలర్ల అప్పు తీసుకున్నారు.

అయినా ఆ నవంబరులో డెమొక్రాట్లు వర్జీనియా, న్యూజెర్సీ గవర్నర్ పదవులు గెలిచారు. కమిటీకి రాని డబ్బు అభ్యర్థుల ఖాతాల్లోకి నేరుగా పోతూనే ఉంది కాబట్టి. ఈ తేడాను గమనించాలి. డబ్బు అభ్యర్థి దగ్గర ఉండి పార్టీ పెట్టె ఖాళీ అయితే ఒక ఎన్నిక నెట్టుకురావచ్చు. ఓటర్ల జాబితాలు, రాష్ట్ర శాఖల జీతాలు, ఎవరూ పట్టించుకోని జిల్లాల్లో కార్యకర్తలు, ఇవి మాత్రం ఏ అభ్యర్థి ఖాతాలోంచీ రావు. డబ్బు నాయకుడి దగ్గరా, పక్క సంస్థల దగ్గరా ఉండి అభ్యర్థి చేయి ఖాళీ అయితే ఆ ఎన్నికే చేజారుతుంది. 2022లో రిపబ్లికన్లది ఈ రెండోది.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇప్పుడు ఈ విరాళాల ఈమెయిళ్లు, ఫండ్‌రైజర్ విందుల మధ్యే ఉన్నారు. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వొచ్చు. హెచ్-1బి మీద ఉన్నవారు ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం. ఇచ్చేవారు 'డొనేట్' బటన్ నొక్కేముందు కింద చిన్న అక్షరాల్లో వాటా ఎవరికెంతో చూసుకోవాలి. అభ్యర్థి ఫొటో పైన ఉన్నంత మాత్రాన డబ్బు ఆ అభ్యర్థికే చేరదు.

2022 వేసవిలో చేతిలో డబ్బులేక అవస్థ పడిన వాన్స్ ఆ నవంబరులోనే, గెలవకముందే, స్కాట్ కమిటీతో కలిసి ఒక దావా వేశాడు. పార్టీ కమిటీ అభ్యర్థితో చర్చించి పెట్టే ఖర్చుకు చట్టంలో ఉన్న పరిమితిని కొట్టేయమని అందులో కోరారు. 2025 డిసెంబరు 9న ఆ కేసులో సుప్రీంకోర్టు వాదనలు విన్నది. అప్పటికి వాన్స్ దేశ ఉపాధ్యక్షుడు. వారు కోరిందల్లా పార్టీ పెట్టెకూ అభ్యర్థి పెట్టెకూ మధ్య ఉన్న గోడ తీసేయడమే. ఆరిజోనాలో మాస్టర్స్ స్లాట్లు రద్దయిన ఆ రెండు నెలల్లో థీల్, మెకానెల్, ట్రంప్‌ల పెట్టెల మధ్య ఉన్న గోడ ఏ చట్టమూ కట్టింది కాదు.